వేలి మీద ఎనిమిదిన్నర

చల్లపల్లి,
మార్చి, రెండో ఆదివారం

ఒసేయ్ హెలెనూ,

నీకు ఫోన్ చేస్తే వినీల అనే నర్సమ్మాయి ఎత్తి "మేడమ్ థియేటర్లో ఉన్నారండీ" అంటుంది. పొరపాటున నువ్వే ఎత్తితే ఇంకా కష్టం. "ఎన్నాళ్ళనుంచి? ఎన్ని ప్యాడ్లు? గడ్డలు పడుతున్నాయా?" అని స్టేషన్లో ఎస్సైలా అడుగుతావు. ఇవతల నేను నోరు విప్పితే హాల్లో మా అత్తగారు, వరండాలో మా ఆయన, గోడ అవతల సీతారావమ్మగారు, ముగ్గురూ చెవులు రిక్కిస్తారు. అందుకని ఇంటర్ సెలవుల్లో రాసుకున్నట్టు మళ్ళీ ఉత్తరం మొదలెట్టాను. ఫోన్లో నువ్వు డాక్టరువి. ఉత్తరంలో అయితే కాస్త హెలెన్‌వి.

విషయం పెద్దదేం కాదు. రెండేళ్ళుగా నెలసరి సరిగ్గా లేదని చెప్పాను కదా. ఈ మధ్య కొంచెం ఎక్కువైంది. మచిలీపట్నంలో స్కాన్ తీస్తే గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసెయ్యాల్సిందే అన్నారు. రక్తం తొమ్మిదో ఎంతో ఉందట. నలభై నాలుగేళ్ళకి అదేం లోకంలో లేని ఆపరేషన్ కాదు, మా స్టాఫ్ రూమ్‌లో సగం మందికి అయిపోయింది. నా గొడవ అది కాదు.

రెండు బాటిళ్ళ రక్తం సిద్ధం చేసుకోవాలి, మీవాళ్ళు ఇద్దరు బ్లడ్ బ్యాంకుకి వచ్చి ఇవ్వాలి అన్నారు. మా ఆయనకి ఇన్సులిన్. మా మరిదికి పోయినేడు కామెర్లు, అతనిది తీసుకోరట. మా ఆయన ఆఫీసులో ఒకాయన ఒక బాటిల్ ఇస్తానన్నాడు. రెండోదానికి ఇంట్లో ఎవరు కబురు పెట్టారో తెలీదు, కంకిపాడు నుంచి మా తమ్ముడు కోటి "నేనున్నాను కదా, ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తాను" అన్నాడట.

వాడి రక్తం నా ఒంట్లోకి వెళ్తుందంటే ఆ ఆపరేషన్ నాకొద్దు. ఇంతకంటే ఈ విషయంలో రాయను. నువ్వూ అడగకు.

నీ,
భాను


విజయవాడ,
మార్చి చివర

మొండిదానా,

"కొంచెం ఎక్కువైంది", "తొమ్మిదో ఎంతో". లెక్కల టీచరువి, పిల్లలు జవాబు ఇలా రాస్తే మార్కులేస్తావా? రిపోర్టు ఫోటో పంపు. పోయిన క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చినప్పుడు నువ్వు నల్ల చీర కట్టావు. పండక్కి నలుపేమిటే అని మా అమ్మ నొచ్చుకుంది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. మరక పడితే కనపడకూడదని కదూ? సోఫాలో కూర్చోకుండా ప్లాస్టిక్ కుర్చీ ఎందుకు లాక్కున్నావో కూడా ఇప్పుడు తెలిసింది. నాకు కోపంగా ఉంది. నీ మీదా, నా మీదా.

సరే, నీ భయానికి నా దగ్గర ఒక మందుంది. మా థియేటర్లోకి కొత్త మిషన్ వచ్చింది. కంపెనీవాళ్ళు ఆరు నెలలు వాడి చూడమని ఇచ్చారు. వేలికి చిన్న క్లిప్పు తగిలిస్తాం. అందులోంచి కాంతి గోరు మీదుగా వేలి గుండా అవతలికి వెళ్తుంది. అంతే, హిమోగ్లోబిన్ ఎంతో స్క్రీన్ మీద అంకె పడుతుంది. సూది లేదు, గుచ్చడం లేదు, ల్యాబు నుంచి చీటీ కోసం అరగంట తలుపు కేసి చూడటం లేదు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ అంకె కళ్ళ ముందే ఉంటుంది. రక్తం పోతుంటే దిగుతుంది, ఆగితే నిలబడుతుంది.

మొన్న ఒక లారీ డ్రైవరుకి కడుపులో ప్లీహం చిట్లింది. సర్జన్ ఇంకా "పర్లేదు, పర్లేదు" అంటూనే ఉన్నాడు, అంకె మెట్లు దిగినట్టు దిగింది. ఆయన నోరు తెరిచేలోపు నేను రక్తం తెప్పించాను. ఇంకో ఆమెకి ఎప్పట్లా అయితే ఊరికే భయపడి ఒక బాటిల్ ఎక్కించేసేవాళ్ళం. అంకె కదలకపోతే ఆగాం, ఆమె ఎవరి రక్తమూ లేకుండా నడుచుకుంటూ ఇంటికెళ్ళింది. మా జోయెల్ అయితే "ఇంటికొచ్చినా ఆ మిషన్ మాటేనా, దాన్నే పెళ్ళి చేసుకోవాల్సింది" అంటున్నాడు.

ఇక్కడికి రా. నేనే మత్తిస్తాను, నేనే పక్కన కూర్చుంటాను. కోటి ఏం చేశాడో అడగవద్దన్నావు, అడుగుతున్నాను.

హెలెన్


చల్లపల్లి,
ఏప్రిల్

హెలెనూ,

అడగవద్దంటే అడిగేదే స్నేహితురాలు. చెబుతాను, ఒక్కసారే.

నాన్న పోయినప్పుడు నువ్వు కాన్ఫరెన్సులో ఉన్నావు. పొద్దున కోటి ఫోన్ చేసి "నాన్న పోయాడక్కా" అన్నాడు. మా ఆయన ఊళ్ళో లేడు. ఉన్నదాన్ని ఉన్నట్టు బస్సెక్కాను. పామర్రు దగ్గర ధాన్యం లారీ బోల్తాపడి రోడ్డంతా ఆగిపోయింది. దారి పొడుగునా వాడికి చేస్తూనే ఉన్నాను, వస్తున్నాను ఆపరా, వస్తున్నాను ఆపరా అని. వాడు "సరే అక్కా, సరే అక్కా" అన్నాడు. ఉయ్యూరు దాటాక ఎత్తడం మానేశాడు. ఇంటికెళ్ళేసరికి వాకిలి కడిగేసి ఉంది. అమావాస్య వస్తోంది, చీకటి పడకముందే అయిపోవాలని పెద్దలన్నారట. తీసుకెళ్ళిపోయారు. నాన్న మొహం నేను చూడలేదు.

రత్తయ్యగారి కూతురు అని ఆయన నన్నెంత గొప్పగా చెప్పుకునేవాడో నీకు తెలుసు. మన హాస్టల్‌కి సైకిల్ మీద చెరుకు గడలు కట్టుకుని వచ్చేవాడు, వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గరే విరిచి అందరికీ పంచిపెట్టేవాడు. అంత మనిషి చివరి చూపు కోటిగాడు నాకు లేకుండా చేశాడు. ఆ రోజే అందరి ముందూ అన్నాను, నీకూ నాకూ ఇక ఏమీ లేదురా అని. సంవత్సరీకానికి కూడా వెళ్ళలేదు. రెండేళ్ళయింది, ఒక్క మెట్టు దిగలేదు.

ఇప్పుడు చెప్పు. వాడితో మాటే వద్దనుకున్నదాన్ని, వాడి రక్తాన్ని ఒంట్లో తిప్పుకుంటూ బతకనా?

నీ మిషన్ గురించి మూడుసార్లు చదివాను. ఒకటే ప్రశ్న, లెక్కల టీచరు ప్రశ్న. ఏ అంకె దాకా రక్తం ఎక్కించకుండా ఉంటావు? ఆ అంకె నాకు రాసివ్వు. అప్పుడు ఆలోచిస్తాను. ఇప్పుడైతే పదో తరగతి పేపర్లు దిద్దాలి, తర్వాత మా అత్తగారి కంటి శుక్లం ఆపరేషన్. ఆమెది అయ్యాక నాది.

భాను


విజయవాడ,
మే

భానూ,

పేపర్లు, శుక్లాలు. తర్వాత ఏమిటి, పక్కింటి సీతారావమ్మగారి మనవడి పుట్టువెంట్రుకలా?

నాన్నగారి సంగతి చదివాను. ఆ చెరుకు నాకు గుర్తుంది. కోటి చేసింది తప్పే. నీ కోపాన్ని నేను కాదనను. కానీ కోపం కోసం మనిషి రక్తం పోగొట్టుకుంటూ కూర్చోవడం ఏం లెక్కో నాకు తెలియడం లేదు.

నీ ప్రశ్నకి జవాబు: ఏడు. గుండె జబ్బు లేనివాళ్ళకి ఏడు దాకా మేం ఆగుతాం. మిషన్ ఏడు దిగేదాకా నేను రక్తం ఎక్కించను. మాటిస్తున్నాను, సరేనా? ముందుగా ఐరన్ ఇంజెక్షన్లు సెలైన్లో పెట్టి నిన్ను పైకి లేపుతాను. పైనుంచి మొదలెడితే ఎంత దిగినా ఏడు దాకా రాము. రెండు బాటిళ్ళు పక్కన ఉంటాయి, అది నియమం, ముట్టుకోను.

మిషన్ నూటికి నూరుపాళ్ళు కాదు, ఏ మిషనూ కాదు. చేతులు చల్లబడితే కాస్త తడబడుతుంది. కానీ నేను పక్కనే ఉంటాను కదా.

ఇంత రాశాక కూడా రాకపోతే నేనే కారేసుకుని వచ్చి నీ క్లాసులో నుంచి ఎత్తుకొస్తాను. ఎండలు మండిపోతున్నాయి, ఆ బస్సుల్లో తిరగకు. నువ్వు ఫోటో పంపలేదు. రిపోర్టు, రిపోర్టు, రిపోర్టు.

హెలెన్


చల్లపల్లి,
జూన్

హెలెన్,

తిట్టకుండా చదువు.

బళ్ళు తెరిచారు. మొదటివారంలోనే తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క కనపడలేదు. బోర్డు కూడా కనపడలేదు. లేచేసరికి ఆయా అమలమ్మ ఒళ్ళో ఉన్నాను. పిల్లల్ని బయటికి పంపించి, తన పైట కొంగు చించి నా కింద పెట్టింది. నేను కూర్చున్న కుర్చీ తనే కడిగింది, ఎవరికీ చెప్పనని ఒట్టేసింది.

నీకు మార్చిలో తొమ్మిది అని రాశాను. అది తొమ్మిది కాదు, ఏడున్నర. ఇప్పుడు తీస్తే ఆరు పాయింట్ ఎనిమిది. ఫోటో ఎందుకు పంపలేదో అర్థమైందిగా. నాలుగు మెట్లు ఎక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మట్టి వాసనొస్తే తినాలనిపిస్తోంది, సుద్దముక్కలు తింటున్నాను. పిల్లలకి చెప్పే నేను దొంగతనంగా సుద్ద తింటున్నానే.

నాకు చచ్చిపోతానేమోనని భయంగా ఉంది. నవ్వకు. కోటితో ఒక్క మాటా మాట్లాడకుండానే చచ్చిపోతానేమోనని కూడా ఒకసారి అనిపించింది, అలా అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

వస్తాను. ఎప్పుడంటే అప్పుడు. కానీ నువ్వు మాటిచ్చావు. ఏడు.

భాను


విజయవాడ,
జూన్

భానూ,

తిట్టను. తిట్టే ఓపిక లేదు.

శుక్రవారం రా. ఐరన్ మొదలుపెడదాం. నాలుగు వారాలు పెట్టుకుంటే ఒక మాదిరిగా పైకొస్తావు, జూలై మధ్యలో ఆపరేషన్. సర్జన్ జాన్సన్ గారు ఒప్పుకున్నారు, చెయ్యి మంచిది. నీకు పాత సిజేరియన్ ఉంది కాబట్టి లోపల అతుక్కుని ఉండొచ్చు, కాస్త ఎక్కువసేపు పడుతుందన్నారు.

వచ్చేటప్పుడు నగలు తియ్యి, గోళ్ళ రంగు ఉంటే తుడిచెయ్యి. క్లిప్పు పెట్టాలి కదా. అమలమ్మకి నా దండాలు చెప్పు.

హెలెన్


చల్లపల్లి,
ఆగస్టు

డాక్టర్ హెలెన్ గారికి,

నమస్కారం. నా ఆరోగ్యం బాగానే ఉంది. కుట్లు మానాయి. మీరు రాసిన మాత్రలు వేసుకుంటున్నాను. మీరు, జాన్సన్ గారు పడిన శ్రమకి మా కుటుంబం ఋణపడి ఉంటుంది.

ఒక్క సందేహం తీర్చగలరు. డిశ్చార్జి రోజున మీ నర్సు వినీల నాకు జడ వేస్తూ, పాపం ఏ పాపమూ ఎరగక, "మా మేడమ్‌ది భలే ధైర్యమండీ, మిషన్లో ఎనిమిదిన్నర ఉండగానే రక్తం తెప్పించేశారు" అంది. రెండు బాటిళ్ళూ ఎక్కించారట. ఎనిమిదిన్నర ఏడు కంటే పెద్దదో చిన్నదో నాకు తెలుసు. ఆ లెక్క మా ఆరో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

నేను బయటికి వచ్చేసరికి వరండాలో బెంచీ మీద మోచేతికి ఇంకా తియ్యని ప్లాస్టరుతో మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడి "నా రక్తమే ఎక్కించారక్కా" అన్నాడు. రెండేళ్ళ తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది. నేను మొహం తిప్పుకుని కారెక్కాను. మీరు పక్కనే ఉన్నారు, అది కాదని అనలేదు.

అప్పటినుంచి నాకు స్థిమితం లేదు. పడుకుంటే ఒక పక్కకి నిద్ర పట్టదు, రెండో పక్కకి తిరుగుతాను. ముంజేతి మీద నరాలు చూసుకుంటాను. నా మొహంలో రంగు వచ్చిందని ఊరంతా మెచ్చుకుంటోంది, ఆ రంగు ఎవరిదని నన్ను నేనే అడుగుతున్నాను. వాడు కంకిపాడులో అందరికీ చెప్పుకుంటున్నాడట. నన్నడగకుండా నా ఒంట్లోకి వాణ్ణి తెచ్చిపెట్టింది మీరు. నాకు కావాల్సినవాళ్ళలో నన్ను అడగకుండా పని కానిచ్చినవాళ్ళు ఇప్పుడు ఇద్దరయ్యారు.

ఇట్లు,
ఎం. భానుశ్రీ


విజయవాడ,
ఆగస్టు

భానూ,

గారూ గీరూ కట్టిపెట్టు. కోపం ఉంటే ఒసేయ్ అని తిట్టు, భరిస్తాను. ఆ నమస్కారం భరించలేను.

ఆ రోజు ఏం జరిగిందో వరసగా చెబుతాను, విను.

నిన్ను బల్ల మీద పడుకోబెట్టి వినీల నీ చెయ్యి తీసుకుంది. తీసుకుని "మేడమ్" అంది. నీ పది గోళ్ళూ, వేళ్ళ చివర్లూ, కణుపుల దాకా ఎర్రగా పండి ఉన్నాయి. గోరింటాకు! నేను గోళ్ళ రంగు అన్నానే గాని ఆషాఢం అని గుర్తు రాలేదు. నువ్వప్పటికే సగం మత్తులో ఉండి, "మా అత్తగారు పెట్టారే, ఆషాఢం వెళ్ళిపోతోంది, ఆపరేషన్‌కి వెళ్ళే మనిషి బోసి చేతులతో వెళ్ళకూడదని స్వయంగా రుబ్బి పెట్టారు. గోళ్ళ రంగు కాదుగా ఇది" అన్నావు. నిజమే, కాదు. అది తుడిస్తే పోతుంది, ఇది పోదు. వినీల దూది నల్లబడేదాకా రుద్దింది, గోరు పెరిగి ఊడాల్సిందే తప్ప ఆ ఎరుపు పోదు.

పది వేళ్ళకీ పెట్టి చూశాను. చిటికెన వేలికి కాస్త తక్కువ పండింది, అక్కడ అంకె పడింది. తొమ్మిది పాయింట్ నాలుగు. ల్యాబులో నీది తొమ్మిది పాయింట్ ఒకటి. దగ్గరగానే ఉంది కదా అని నమ్మాను. మాటిచ్చాను కదా, నమ్మాలని ఉంది నాకు.

గంట బాగానే గడిచింది. తర్వాత పాత సిజేరియన్ దగ్గర అతుక్కున్నచోట విడదీస్తుండగా రక్తం వచ్చింది. జాన్సన్ గారు మాట్లాడటం మానేశారు. ఆయన మాట్లాడకపోతే నాకు భయం. గుడ్డలు తడిసి బరువుగా బక్కెట్లో పడుతున్నాయి. పీల్చే సీసా నిండింది, మార్చాం. నీ గుండె నూట ముప్ఫై. బీపీ జారిపోతోంది. మిషన్ కేసి చూస్తే ఎనిమిది పాయింట్ ఆరు. కాసేపాగి చూస్తే ఎనిమిదిన్నర. అక్కడే ఉండిపోయింది, కదలదు. నీ చెయ్యి పట్టుకుంటే మంచుముక్క. కింది పెదవి తిప్పి చూస్తే తెల్లగా ఉంది. ఎనిమిదిన్నర ఉన్న మనిషి పెదవి అలా ఉండదు.

గోరింటాకు వల్లనో, చెయ్యి చల్లబడటం వల్లనో, రెండూ కలిసో నాకిప్పటికీ తెలీదు. నాకు ఆ క్షణంలో తెలిసిందల్లా ఒకటే. ఆ అంకెని నమ్మితే నీకిచ్చిన మాట దక్కుతుంది, నువ్వు దక్కుతావో లేదో తెలీదు. ల్యాబుకి రక్తం పంపాను, జవాబు వచ్చేదాకా ఆగలేదు. రెండు బాటిళ్ళూ తెప్పించి ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటిది సగం అయ్యాక చీటీ వచ్చింది. ఆరు పాయింట్ మూడు. ఆ కాసేపు కూడా ఆగి ఉంటే ఈ ఉత్తరం ఎవరికి రాసేదాన్నో ఆలోచించడం నాకిష్టం లేదు. మాట తప్పాను. మళ్ళీ అలాంటి పరిస్థితే వస్తే మళ్ళీ తప్పుతాను.

మిషన్ మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. నేను తప్పు వేలికి పెట్టి, తప్పు మాట ఇచ్చాను. ఇప్పుడు థియేటర్లోకి ఏ ఆడమనిషి వచ్చినా ముందు చేతులు చూపించమంటున్నాను. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు బెంగాలీ, గోరింటాకు అంటే ఏమిటో చెప్పడానికి నాకు సగం రోజు పట్టింది.

ఇక రెండో సంగతి. నీ ఒంట్లో ఉన్నది కోటి రక్తం కాదు.

అది ఏప్రిల్లోనే చెప్పాల్సింది. ఇంటివాళ్ళు ఇచ్చిన రక్తం బ్యాంకులో అరలోకి వెళ్తుంది, పరీక్షలు చేస్తారు, ఎవరికి సరిపోతే వాళ్ళకి వెళ్తుంది. నీకు పక్కన పెట్టిన రెండు బాటిళ్ళూ అంతకు ముందే ఏదో కాలేజీ శిబిరంలో తీసినవి. ఎవరివో నాకు తెలీదు, తెలుసుకోకూడదు కూడా. మిషన్ ఉంది, అసలు రక్తమే అక్కర్లేదు అనే మోజులో నీకిదంతా వివరించలేదు. ఇంకా చెప్పాలంటే, ఒకే తల్లి కడుపున పుట్టారు కాబట్టి ఒకటే రక్తం అనుకుంటున్నారు మీ ఇంటిల్లిపాదీ. వాడిది ఏ పాజిటివ్. నీది బి పాజిటివ్. వాడిది ఎక్కిస్తే నువ్వు ఇక్కడ ఉండవు, నేను జైల్లో ఉంటాను.

వరండాలో వాడన్న మాట నాకు వినపడలేదు, నా ధ్యాసంతా నువ్వు మెట్లు ఎలా దిగుతున్నావా అన్నదాని మీదే ఉంది. విని ఉంటే అక్కడే చెప్పేదాన్ని. వాడి బాటిల్ ఈపాటికి ఎవరో దారిన పోయే మనిషికి వెళ్ళి ఉంటుంది. కాబట్టి నీ నరాలు నీవి. హాయిగా నిద్రపో.

హెలెన్


విజయవాడ,
సెప్టెంబరు మొదట్లో

భానూ,

ఉత్తరం అందలేదా? అందినా రాయడం లేదా? పోస్టాఫీసుకి వెళ్ళి అడిగాను, అందిందన్నారు. ఫోన్ చేస్తే మీ అత్తగారు మాణిక్యమ్మగారు "పడుకుంది అమ్మా" అంటున్నారు, పట్టపగలు. కోపమా, జ్వరమా? కుట్టు దగ్గర ఎరుపు ఉందా? ఒక్క ముక్క రాయవే. బాగున్నాను అని రాసినా చాలు, చచ్చిపో అని రాసినా చాలు.

హెలెన్


చల్లపల్లి,
సెప్టెంబరు

ఒసేయ్ హెలెనూ,

జ్వరం లేదు, ఎరుపు లేదు, నువ్వేం చచ్చిపోవద్దు. మొన్నటిసారి రక్తం చూస్తే పది పాయింట్ రెండు, ఈసారి అబద్ధం కాదు, చీటీ ఫోటో నీ ఫోన్‌కి పంపాను చూసుకో. సుద్దముక్క వాసనకి ఇప్పుడు నోరూరడం లేదు.

నీ ఉత్తరం చదివి ముందు పకపకా నవ్వాను. మా అత్తగారిని పిలిచి, "మీ గోరింటాకు నన్ను చంపబోయిందండీ" అన్నాను. ఆమె బెదిరిపోయి "అయ్యో నా తల్లీ" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అంత పండినందుకు ఆమె ఎంత మురిసిపోయిందో నాకు తెలుసు. ఊరుకోబెట్టడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. అందుకే నువ్వు మళ్ళీ ఆమెతో ఆ మాట ఎత్తకు.

నవ్వయ్యాక ఏమైందో తెలీదు. కోటిది కాదట, ఎవరిదో, అని మనసులో అనుకున్నాను. నెల రోజులు తిట్టుకుంటూ మోశాను కదా. అన్నం తింటూ, వాడికి కూడా పెడుతున్నాను అని విసుక్కున్నాను. మెట్లు ఎక్కగలిగితే, వాడి పొగరు అని విసుక్కున్నాను. ఇప్పుడు తీరా కాదంటే, ఇంట్లో ఉన్న మనిషి చెప్పకుండా వెళ్ళిపోయినట్టు అయింది. పేరు తెలియని ఆ ఇద్దరికీ దేవుడి గదిలో దండం పెట్టుకున్నాను. తర్వాత గది తలుపేసుకుని ఏడ్చాను. సంతోషమే అనుకున్నాను కాసేపు. సంతోషం అయితే అంతసేపు ఏడవరు. నీకేం రాయాలో తెలియక రాయలేదు.

ఇంతలో సీతారావమ్మగారు కంకిపాడు పెళ్ళికి వెళ్ళొచ్చి, "మీ తమ్ముడు పెళ్ళిపందిట్లో కూడా అదే చెబుతున్నాడమ్మా" అంది. ఒళ్ళు మండిపోయింది. వీడి గొప్పలు కట్టిపెట్టించాలనుకుని నీ ఉత్తరం చేతిసంచిలో పెట్టుకుని నిన్న బస్సెక్కాను. ఏ పాజిటివ్, బి పాజిటివ్ అని నీ చేతిరాతలో చూపించి, అందరి ముందూ నోరు మూయించి, వచ్చిన బస్సుకే తిరిగి రావాలని వెళ్ళాను. నిజంగా అందుకే వెళ్ళాను.

వాడి పురుగుమందుల కొట్టు ముందు బల్ల మీద నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి వాడు చేతిలో డబ్బా కింద పెట్టాడు. కుర్చీ కోసం లోపలికి పరిగెత్తాడు, కుర్చీ లేకుండా వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. వాళ్ళతో "మా అక్కండీ. పెద్దాపరేషనైంది. నా రక్తమే ఎక్కించారు" అన్నాడు. ఒక ముసలాయన నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూసి, "అందుకేనయ్యా పోలికలు ఎక్కువయ్యాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను సంచి జిప్పు మీద చెయ్యి వేశాను.

కొట్టు వెనకే ఇల్లు. లోపలికి తీసుకెళ్ళాడు. మా మరదలు కాఫీ పెడుతూ చెప్పింది, వీడు సూది చూసి బ్లడ్ బ్యాంకులో పడిపోయాడట. లేపి వద్దులే పొమ్మంటే వెళ్ళనన్నాడట. కళ్ళకి తువ్వాలు కట్టించుకుని ఇచ్చాడట. చిన్నప్పుడు కోడిని కోస్తుంటే కూడా దొడ్లోకి పారిపోయేవాడు, నీకు చెప్పలేదేమో.

ఆవిడ పక్కకి వెళ్ళాక నేను అడిగాను. "ఆ రోజు ఎందుకు ఆగలేదురా?"

వాడు తల ఎత్తలేదు. "పెదనాన్నావాళ్ళూ పురోహితుడూ అందరూ తొందరపెట్టారక్కా. ఆగండి, మా అక్క ఉయ్యూరులో ఉంది అని అనడానికి నాకు నోరు రాలేదు. భయమేసింది. నీ ఫోన్ మోగుతుంటే చేతిలో పట్టుకునే నడిచాను, నాన్న వెనక."

వాడే మళ్ళీ అన్నాడు. "నోటితో చెబితే నువ్వు వినవు. అందుకే రక్తం ఇచ్చాను."

అంతేనే. అంతకంటే పెద్ద కారణం ఏదో ఉంటుందని రెండేళ్ళు అనుకున్నాను. పిరికితనం, అంతే. నాన్న మొహం ఇక నాకు ఎవరూ చూపించలేరు, దానికి కోపం ఇంకా ఉంది, వాడితో అదే చెప్పాను. కొట్టాను కూడా, వీపు మీద, గట్టిగా. ఆ దెబ్బకి వాడు ఏడుస్తూ నవ్వి, "నా రక్తం పడ్డాక నీకు బలం వచ్చిందక్కా" అన్నాడు.

సంచి జిప్పు తియ్యలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉండి చివరి బస్సుకి వచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే సోమవారం వాడు నీ ఆసుపత్రికి వస్తున్నాడు, చక్కెరకేళి గెల భుజాన వేసుకుని, నీకు దండం పెట్టడానికి. నువ్వు వద్దన్నా ఆగడు. వచ్చి వినీల ముందూ జాన్సన్ గారి ముందూ అడుగుతాడు, "మా అక్కకి ఎక్కించింది నా రక్తమే కదా డాక్టరుగారూ" అని. నువ్వు చీటీలు, గ్రూపులు, అరలు అని మొదలెడతావని నాకు తెలుసు. నీకు అబద్ధం రాదని కూడా తెలుసు.

అవునను.

నీ,
భాను